కుటుంబానికి అప్పగించడమైనది

వాసంతిని ‘ఊరట’ పాలకవర్గంలో సభ్యురాలిగా నియమిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిన రోజున ఆమె ఆఫీసులో కేకు కోశారు. గచ్చిబౌలిలోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె హెచ్‌ఆర్ విభాగం చూస్తుంది. ఆడపిల్లల ఫిర్యాదులు వినే కమిటీకి చాలాకాలంగా ఆమే పెద్ద. ఎవరైనా ఏడుస్తూ వస్తే తలుపు వేసి, మంచినీళ్ళిచ్చి, చివరిదాకా వింటుందని పేరు. ఆ పేరు ఎలా పాకిందో సచివాలయం దాకా పాకింది. ప్రజల తరఫున ఒక మహిళ కావాలంటే ఎవరో ఆమె పేరు రాశారు.

ఊరట ఉన్నది ఆమె ఆఫీసుకి మూడు వీధుల అవతలే. మతి చెదిరి రోడ్ల మీద తిరిగే ఆడవాళ్ళను పోలీసులు తెచ్చి అక్కడ దించుతారు. ఒకప్పుడు ఊరి చివర రాళ్ళగుట్టల మధ్య కట్టిన రెండు పాత రేకుల షెడ్లు, ఓ వేపచెట్టు, చుట్టూ ప్రహరీ. ఇప్పుడు మూడు వైపులా అద్దాల బిల్డింగులు లేచాయి. మధ్యాహ్నం దాటితే చాలు, వాటి నీడ వచ్చి ఆ ఆవరణ మొత్తాన్ని కప్పేస్తుంది. రోజూ ఆఫీసు బస్సులో ఆ గోడ పక్కనుంచే వెళ్తున్నా, లోపల మనుషులున్నారని వాసంతికి ఆ ఉత్తర్వు వచ్చేదాకా తెలియదు.

ఆమె భర్త బుల్లిబాబు సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఇద్దరిదీ తణుకు వైపు. పెళ్ళయిన ఏడాదే వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడ్డారు. ఉత్తర్వు చదివి ఆయన నవ్వాడు.

“అదేదో పెద్ద పదవనుకోకు. స్థలం సర్కారుది, డబ్బు సర్కారుది. కానీ సర్కారు ఆఫీసు కాదు, సొసైటీ. పేరుకి పైన పెద్ద అధికారి ఛైర్మన్, నడిపేది సభ్య కార్యదర్శి. మిగతా మీరంతా మూడు నెలలకోసారి వెళ్ళి టీ తాగి సంతకం పెట్టి రావడమే.”

మొదటి సమావేశం అలాగే జరిగింది. ఛైర్మన్‌కి వేరే పని పడిందని ఆయన తరఫున ఓ డిప్యూటీ వచ్చి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుడు గిరీష్, గౌలిదొడ్డి ఊరిపెద్దగా నియమితుడైన ముసలాయన పెంటయ్య, వాసంతి, ఇంకో ఇద్దరు. సభ్య కార్యదర్శి ఓంకార్ ఒక్కో అంశం చదువుతూ పోయాడు. యాభై ఏళ్ళ మనిషి, గొంతు పెంచడు, చదువుతూ చదువుతూ ఆగి కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ఒకచోట ఆగి తలెత్తి చెప్పాడు. ఈసారి కొందరు నివాసితుల సొంతవాళ్ళను వెతికి పట్టుకున్నామని, వాళ్ళను కుటుంబాలకు అప్పగించామని. అందరూ చప్పట్లు కొట్టారు. వాసంతీ కొట్టింది, సంతకం పెట్టింది.

తర్వాత వార్డు చూపించారు. వరసగా మంచాలు, ఫినాయిలు వాసన. నలభై దాటిన ఓ మనిషి మంచం దిగి వచ్చి వాసంతి కొంగు అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “చిన్నూ,” అంది. ఆయా రుక్కమ్మ కొంగు విడిపించబోయింది.

“పేరు దెల్వదమ్మ. ఊరు దెల్వదు. గా ఒక్క మాటే అంటది. గందుకే మేం గూడ చిన్ను అనే పిలుస్తున్నం.”

వదిలెయ్యమంది వాసంతి. వార్డంతా తిరిగేదాకా చిన్ను ఆ కొంగు పట్టుకునే నడిచింది.

ఆ తర్వాత వాసంతి శనివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకెళ్ళి చిన్ను తల దువ్వేది. చిక్కు తీస్తున్నంతసేపూ చిన్ను కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునేది. పక్క మంచం మీద ఓ పెద్దావిడ రోజంతా ఏదో పాట సగం పాడి ఆపేసేది, మళ్ళీ మొదటినుంచి అందుకునేది. రుక్కమ్మ తన కోడలి సంగతులు, మోకాళ్ళ నొప్పుల సంగతులు చెప్పేది. మొదట్లో వాసంతి ఏది అడిగినా జవాబిచ్చేది.

రెండో సమావేశంలో మరికొందరిని అప్పగించామన్నారు. మూడోసారి ఇంకొందరిని. వార్డులో ఒక్కో మంచం మీది పరుపు చుట్టి గోడవైపు నిలబెడుతున్నారు. కొత్తవాళ్ళు మాత్రం రావడం లేదు. పోలీసులు ఎవరినైనా తెస్తే గేటు దగ్గరే జాగా లేదని చెప్పి పంపేస్తున్నారని రుక్కమ్మ ఓసారి నోరు జారింది. ఆ తర్వాత ఆమె మాట్లాడటం తగ్గించింది. వాసంతి వస్తే ఏదో పని ఉన్నట్టు వెనక షెడ్డులోకి వెళ్ళిపోయేది. ఓ శనివారం ప్రహరీ పక్కన ఇద్దరు మనుషులు మూడుకాళ్ళ పరికరం పెట్టుకుని స్థలం కొలుస్తున్నారు. ఎవరు పంపారని వాసంతి అడిగితే ఆఫీసులో అడగమన్నారు. ఆఫీసులో ఓంకార్ ఉన్నాడు.

“రోడ్డు వెడల్పు గురించి ఏదో సర్వే మేడమ్, మనకు సంబంధం లేదు,” అన్నాడు. మంచాల సంగతి అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. “మంచం ఖాళీ అయ్యిందంటే ఒక మనిషి ఇల్లు చేరినట్టే గదా. మనం సంతోషపడాలె.”

ఆమె తలూపి బయటికి వచ్చింది. బస్సులో ఇంటికి వెళ్తుంటే మాత్రం ఒకటే ప్రశ్న. పేరు చెప్పలేని మనుషుల ఇళ్ళు ఇంత తొందరగా ఎలా దొరుకుతున్నాయి?

తర్వాతి శనివారం వెళ్ళేసరికి చిన్ను మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసి ఉంది.

“ఇంటికి పంపిండ్రంట,” అంది రుక్కమ్మ, తలెత్తకుండా.

“ఏ ఇంటికి రుక్కమ్మా?”

రుక్కమ్మ దుప్పట్లు మడత పెడుతూనే ఉంది. ఒకే దుప్పటి విప్పి మళ్ళీ మడిచింది.

ఓంకార్ మాత్రం వెంటనే చెప్పాడు. చిన్ను తమ్ముడు కర్ణాటక వైపు నుంచి వచ్చి తీసుకెళ్ళాడట. అడ్రసు ఇవ్వడం కుదరదన్నాడు. రోగుల వివరాలు బయటికి చెప్పకూడదని చట్టంలోనే ఉందట.

వాసంతి ఆగలేదు. సెలవు పెట్టి శాఖ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి, సొసైటీ స్వతంత్ర సంస్థ అండి, రోజువారీ విషయాల్లో మేం వేలు పెట్టకూడదు అన్నాడు. ఏటా లెక్కలు చూసే ఆడిట్ ఆయన ఫోనులో ఓపిగ్గానే విన్నాడు. “మేం ఖర్చు చూస్తామండి. ఉన్న మనిషికి తిండి, మందులు, బట్టలు రాస్తారు. వెళ్ళిపోయిన మనిషి మీద ఖర్చుండదు. మా కంటికి ఆనదు.” డాక్టర్ గిరీష్‌ని ఆసుపత్రి వరండాలో పట్టుకుంది. బయటికి పంపొచ్చని రాసేదాకే తన పని అన్నాడాయన, ఆ తర్వాత ఎక్కడికి వెళ్తారో తనకెవరూ చెప్పరన్నాడు. పోలీస్ స్టేషన్లో ఎస్సై అడిగిన ప్రశ్న ఒకటే. “ఆమెకు మీరేమవుతారు?”

ఆదివారం పొద్దున బుల్లిబాబు సొసైటీ నియమావళి ముందేసుకుని కూర్చున్నాడు. ప్రభుత్వ భాష చదవడం ఆయనకు అలవాటే. కాఫీ చల్లారిపోయింది. చివరికి అద్దాలు పైకి తోసుకుని భార్యవైపు చూశాడు.

“అందరూ నిజమే చెప్పారే. శాఖది గ్రాంటు ఇవ్వడం వరకే. ఆడిట్‌ది లెక్కల వరకే. లోపలున్న మనుషుల మంచిచెడ్డలకి ఎవరు బాధ్యులో ఇందులో ఒక్కచోటే ఉంది. పాలకవర్గం అని ఉంది.”

“అంటే?”

“అంటే నువ్వే. వాళ్ళందరినీ అడుగుతూ తిరుగుతున్నావు గానీ, అడగాల్సింది మిమ్మల్నే.”

వాసంతి లేచి వెళ్ళి చాలాసేపు బాల్కనీలో నిలబడింది. కింద కూరగాయల బండి దగ్గర ఎవరో బేరం ఆడుతున్నారు. ఆ మాటలు చెవిన పడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు.

ఆ మరుసటి ఆదివారం ఓంకార్ ఇంటికి వచ్చాడు. వస్తానని ముందు చెప్పలేదు. చేతిలో పళ్ళ బుట్ట. ఇటువైపు పనుండి వచ్చానని, మేడమ్ ఇల్లు ఇక్కడే కదా అని ఆగానని అన్నాడు. ఇల్లు ఎక్కడో వాసంతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. కూర్చుని కాఫీ తాగాడు. బుల్లిబాబు ప్రమోషన్ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో అడిగి, ఆ అధికారి తనకు తెలిసినవాడేనన్నాడు. కూతురు స్వాతి చదివే కాలేజీ పేరెత్తి, అమ్మాయి రోజూ మెట్రోలోనే వస్తుందా అని అడిగాడు. అన్నీ నవ్వుతూనే. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

“ఊరట గురించి మీరు ఎక్కువ పరేషాన్ అవుతున్నరు మేడమ్. ఆ జాగా ఎక్కువ రోజులు మన దగ్గర ఉండదు. పైనోళ్ళ నిర్ణయం. ఉన్నన్ని రోజులు ప్రశాంతంగా నడిపిద్దాం.”

ఆయన కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. బుట్టలో పళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. రెండ్రోజులు చూసి పనిమనిషికి ఇచ్చేశారు. ఆ వారమే కంపెనీలో పైఅధికారి పిలిచి, బయటి వ్యవహారాల్లో కాస్త నెమ్మదిగా ఉంటే మంచిదని సలహా ఇచ్చాడు. ఎవరు ఫోన్ చేశారో చెప్పలేదు. స్వాతిని కొన్నాళ్ళు బుల్లిబాబే కాలేజీలో దించి రావడం మొదలుపెట్టాడు.

వాసంతికి భయం వేసింది. వేయలేదని ఆమె ఎప్పుడూ అనలేదు. ఒక వారం ఊరటకి వెళ్ళడం మానేసింది కూడా. ఆ శనివారం ఇంట్లో కూర్చుంటే చేతులకి పని తోచలేదు. లేచి క్యాబ్ మాట్లాడుకుని గౌలిదొడ్డి వెళ్ళింది, పెంటయ్య ఇంటికి.

పెంటయ్య సమావేశాల్లో ఎప్పుడూ కునికిపాట్లు పడే మనిషి. ఆయన అలాంటివాడేనని వాసంతి అనుకుంది. ఎత్తైన అపార్టుమెంట్ల వెనక పెంకుటింటి అరుగు మీద ఆమె చెప్పిందంతా ఆయన కునుకు తీయకుండా విన్నాడు. ఊరట బండి తోలే పోచయ్య తన తమ్ముడి అల్లుడేనన్నాడు. కొన్ని నెలల్నుంచి పొద్దున్నే తాగుతున్నాడని, అడిగితే ఏడుస్తున్నాడని, ఇంట్లో గొడవనుకున్నానని చెప్పాడు. మనిషిని పంపి పిలిపించాడు.

పోచయ్య వచ్చి అరుగు కింద నేలమీద కూర్చున్నాడు. పుల్ల ఒకటి తీసుకుని నేల గీకుతూనే ఉన్నాడు. పెంటయ్య కేకలేస్తాడేమోనని వాసంతి కంగారుపడింది. ఆయన కేకలేయలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, చెప్పు బిడ్డా, ఈమె మనోళ్ళ లెక్కనే అన్నాడు.

“ఇంటికేం గాదమ్మ,” అన్నాడు పోచయ్య. “ఏ ఇల్లు లేదు. బార్డర్ దాటినంక ఏదన్న బస్టాండ్ కాడ దించి రమ్మన్నరు. ఒక్కో తాప ఒక్కో ఊరు. బిస్కట్ పుడ చేతిల వెట్టి కూసొవెడ్తె అట్లనే కూసుంటరు. ఎనకకు చూడకుంట రావాలె అన్నడు సారు.”

“చిన్నుని కూడానా?”

అతను తలూపాడు. “గామె కూసోలే. బండెనక నడిచొచ్చింది. నేను అద్దంల చూసిన.”

రేపు ఆ చోట్లన్నీ చూపించమంది వాసంతి. పెంటయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే కారులో పెంటయ్య, పోచయ్యలతో కలిసి నలుగురూ బయల్దేరారు. బుల్లిబాబు వద్దంటాడని అనుకుంది గానీ ఆయనే స్టీరింగ్ పట్టాడు. జహీరాబాద్ దాటి, సరిహద్దు దాటి, పోచయ్య చూపించిన బస్టాండ్లన్నీ తిరిగారు. టీ కొట్లలో, పళ్ళబండ్ల దగ్గర, శనివారాలు వార్డులో వాసంతి తీసిన ఫోటోలు ఫోనులో చూపించారు. కొందరు గుర్తుపట్టారు. ఒకామె కొన్నాళ్ళు ఇక్కడే ఉండేదని, వానల్లో కనిపించకుండా పోయిందని చెప్పారు. ఇంకొకామెను ఎవరో లారీ ఎక్కించుకుని పోయారన్నారు. ఎవరని అడిగితే చూపు తిప్పేసుకున్నారు. చిన్నుని దించిన చోట బజ్జీలు వేసే ఆవిడకు బాగా గుర్తుంది. అదే దారిన, మీరొచ్చిన వైపే నడుస్తూ పోయింది, పిలిచినా ఆగలేదు అంది.

సాయంత్రం కావస్తుండగా ఒక ఊళ్ళో బస్టాండ్ మూత్రశాలల వెనక గోడ పక్కనుంచి పాట వినిపించింది. సగం పాడి ఆగింది. మళ్ళీ మొదలైంది. వాసంతి పరిగెత్తింది. చిన్ను పక్క మంచం పెద్దావిడ. మనిషి సగమైపోయింది, కాలి మీద పుండు, ఒంటి మీద ఎవరో వేసిన మగవాళ్ళ చొక్కా. వీళ్ళను గుర్తుపట్టలేదు. అన్నం పెడతామంటే లేచి వచ్చింది. దారంతా కారు అద్దాలు దించుకుని, రోడ్డు పక్క నడిచే ప్రతి మనిషినీ చూస్తూ నెమ్మదిగా వచ్చారు.

ఆమెను తిన్నగా డాక్టర్ గిరీష్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గిరీష్ ఆమె కాలు చూశాడు, ముఖం చూశాడు. ఈవిడ బయటికి వెళ్ళొచ్చని రాసింది తనే. ముగ్గురు సభ్యులు కోరితే పాలకవర్గం ప్రత్యేకంగా సమావేశం కావాలన్నది నియమం. ఆ కోరిక రాసిన కాగితం మీద అప్పటికే వాసంతి, పెంటయ్యల సంతకాలున్నాయి. గిరీష్ జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ సమావేశానికి ఛైర్మన్ మొదటిసారి స్వయంగా వచ్చాడు. వాసంతి, పెంటయ్య జరిగిందంతా చెప్పారు. ఓంకార్ తొణకలేదు. ఎవరూ అడగకముందే చెప్పాడు, ప్రతి అప్పగింతనూ ఈ పాలకవర్గం ఆమోదించిందని, అందరి సంతకాలూ ఉన్నాయని. డ్రైవరు తప్పుచోట దించితే తానెలా బాధ్యుణ్ణన్నాడు.

“సంతకాలు మావే,” అంది వాసంతి. “ఎవరి చేతికి అప్పగించారో ఒక్కరి పేరు చెప్పండి. ఒక్కరి పేరు చాలు.”

ఓంకార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చెప్పలేదు. ఛైర్మన్ బల్ల వైపే చూస్తూ, విచారణకు ఆదేశిద్దాం అన్నాడు.

విచారణ మొదలైంది. వాసంతి జిల్లా జడ్జి గారిని కూడా ఆశ్రయించింది. ఆయన గట్టిగా పట్టుకోవడంతో రెండు రాష్ట్రాల పోలీసులు వెతికారు. కొందరు దొరికారు. ఎక్కువమంది దొరకలేదు. చిన్ను దొరకలేదు. ఆ దారిలో నడుస్తూ వచ్చిన మనిషి ఎంతవరకు వచ్చిందో ఎవరికీ తెలియదు. కేసు పోచయ్య మీద పెట్టారు. నిజం చెప్పింది అతనొక్కడే గనుక చేతికి దొరికింది కూడా అతనొక్కడే. పెంటయ్య రెండు గుంటల జాగా అమ్మి అతనికి వకీలును పెట్టాడు. ఊరట స్థలం ఎవరికో ఇచ్చే ప్రతిపాదన వాయిదా పడింది. రద్దయిందని మాత్రం ఎవరూ అనలేదు. కొలతలకోసం పాతిన రాళ్ళు ప్రహరీ వెంట అలాగే ఉన్నాయి. పాలకవర్గం గడువు ముగిశాక కొత్త ఉత్తర్వులో వాసంతి పేరు లేదు, పెంటయ్య పేరు లేదు. బుల్లిబాబు ఫైలు ఆ ఏడాది కదల్లేదు. ఆయన దాని గురించి ఇంట్లో ఎత్తలేదు.

వాసంతి ఇప్పటికీ శనివారాలు వెళ్తుంది, సభ్యురాలిగా కాదు, మామూలు మనిషిగా. గేటు దగ్గర పేరు రాసి, ఆధార్ చూపించి, లోపలికి రానిస్తే వెళ్తుంది. రానివ్వని రోజున గోడ బయట నిలబడితే రుక్కమ్మే వచ్చి లోపలివాళ్ళు ఎలా ఉన్నారో ఒక్కొక్కరి పేరూ చెప్పి వెళ్తుంది. ఆదివారాలు అప్పుడప్పుడు భార్యాభర్తలు జహీరాబాద్ దారిలో పోతారు. ఎక్కడికని ఎవరైనా అడిగితే ఊరికే అంటారు.

ఈమధ్య ఓ మధ్యాహ్నం వాసంతి విభాగంలోనే పనిచేసే రసజ్ఞ అనే అమ్మాయి స్వీట్లు పంచుతూ వచ్చింది. అనాథ పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కొత్త సొసైటీలో తనను సభ్యురాలిగా వేశారట. పిల్లలతో గడపొచ్చని మురిసిపోతోంది. ఫోనులో ఉత్తర్వు చూపించింది. వాసంతి పేర్లన్నీ చదువుతూ కిందికి జరిపి, సభ్య కార్యదర్శి అన్న చోట ఆగిపోయింది. విచారణ ఇంకా పెండింగులో ఉన్నందున ఓంకార్‌ని ఊరట నుంచి మార్చారు. ఎక్కడికి మార్చారో ఆమెకు ఆ క్షణందాకా తెలియదు.

“తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?” అని అడిగింది రసజ్ఞ.

“మొదటి మీటింగ్ ఎప్పుడు?”

“వచ్చే నెల అట.”

“అప్పటిదాకా ఆగకు. ముందే ఒకసారి వెళ్ళు. వస్తున్నానని చెప్పకుండా వెళ్ళు. పిల్లలందరి పేర్లూ అడుగు, ముఖాలు గుర్తుపెట్టుకో.”

రసజ్ఞ నవ్వబోయి వాసంతి ముఖం చూసి ఆగింది. స్వీట్ల డబ్బా మూత పెట్టింది.

“మీరూ వస్తారా మేడమ్?” అంది కాసేపటికి.

వాసంతి అప్పటికే బ్యాగు అందుకుంటోంది.